అదే బోర్డు... వేరే ఆట

హాస్టల్లో నా మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. దాన్ని చూసిన మిత్రులు మొదట ముక్కు మీద వేలేసుకున్నారు, తరవాత నవ్వారు, ఆ పైన నాకో బిరుదు కూడా ఇచ్చారు - "పాత సామాన్లోడు" అని. బిరుదుతో నాకు పేచీ లేదు. కాని ఆ పెట్టెలో ఉన్నది చెత్త అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో నలుగురి ముందూ చెప్పుకుందామని ఈ సంచికలో నాలుగు పేజీలు అడిగి పుచ్చుకున్నాను. పెద్దలూ మిత్రులూ ఓపిగ్గా చదవాలని మనవి.

మాది డుంబ్రిగూడ దగ్గర కొండవాలులో ఒక చిన్న ఊరు. ఇంటికి రెండెకరాల కాఫీ, నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మీద పాకిన మిరియాల తీగలు, పల్లంలో కాస్త వరి, మెట్టలో చోడి, సామ. సంత అంటే మాకు అరకు సంతే. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆ సంతకి పోయే దారిలో ఒక టీకొట్టు వరండాలో బీరువా అంత ఎత్తున వీడియోగేమ్ పెట్టె ఒకటి ఉండేది. పట్నం నుంచి వచ్చే టూరిస్టుల పిల్లల కోసం కొట్టు యజమాని దాన్ని ఎక్కడో పాత సామానులో కొని తెచ్చాడట. అది విమానాల ఆట. అయిదు రూపాయల బిళ్ళ వేస్తే మూడు విమానాలు వచ్చేవి. అవి కూలిపోతే ఆట అయిపోయినట్టే. మా అయ్యని ఆటకోసం అయిదు రూపాయలు అడిగే ధైర్యం నాకు లేదు. అంచేత ఆడేవాళ్ళ వెనక నిలబడి చూడ్డమే నా ఆట. ఒక ఎండాకాలం గడిచాక వెళ్ళి చూస్తే తెర నిండా అర్థంలేని గళ్ళూ చుక్కలూ. "పాడైపోయింది బాబూ" అని యజమాని దాని మీద టార్పాలిన్ కప్పేశాడు. ఆరేళ్ళు అది అలాగే ఉండిపోయింది.

అప్పుడు నాకు తెలియంది, బి.యస్సీ. రెండో ఏట 8085 కిట్టు ముందు కూర్చున్నాక తెలిసింది ఒక్కటే సంగతి. ఆ పెట్టె పాడవలేదు. అందులోని ఆట చెరిగిపోయిందంతే. నేను చెప్పదలుచుకున్నదాంట్లో సగం ఇదే.

ఆట ఎక్కడుంది?

వీడియోగేమ్ పెట్టె వెనక తలుపు తీస్తే ఒక తెర, ఒక పవర్ సప్లయి, మీటలు, బిళ్ళలు పడే డబ్బా, వీటన్నిటినీ తీగలతో కలిపిన ఒక బోర్డు కనిపిస్తాయి. బోర్డు మీద ఒక మైక్రోప్రాసెసరు ఉంటుంది. టీకొట్టు పెట్టెలో ఉన్నది జెడ్-80. ఇది 1976లో జైలాగ్ కంపెనీ విడుదల చేసిన చిప్పు. నలభై ఎనిమిదేళ్ళ పాటు అమ్మి, ఇక ఆ పాత చిప్పుకి ఆర్డర్లు తీసుకోబోమని 2024లో ప్రకటించారు. దాని చుట్టూ మెమరీ చిప్పులు. కొన్నిట్లో ప్రోగ్రాము, కొన్నిట్లో బొమ్మలు, ఒక చిన్నదాంట్లో రంగుల పట్టిక. ప్రాసెసరుకి విమానమంటే ఏమిటో, బాంబు అంటే ఏమిటో తెలియదు. ఫలానా మీట నొక్కితే ఫలానా అంకెకి ఒకటి కలపమని మెమరీలో రాసి ఉంటుంది, అది కలుపుతుంది. ఆ అంకె మారితే తెర మీద బొమ్మ జరుగుతుంది. మనం విమానం ఎగిరిందనుకుంటాం.

తోలుబొమ్మలాట చూసినవారికి ఇది సులువుగానే బోధపడుతుంది. తెర అదే, దీపం అదే, మద్దెల అదే, తెర వెనక మనిషి కూడా ఆయనే. పెట్టెలోంచి తీసే బొమ్మలూ, పాడే పాటలూ మారితే ఒక రాత్రి లంకాదహనం, మరో రాత్రి కీచకవధ. ఆట బోర్డు కూడా అంతే. మెమరీ చిప్పులు మార్చి, అవసరమైతే రెండు మూడు తీగలు ఇటునుంచి అటు అతికితే అదే బోర్డు మీద వేరే ఆట నడుస్తుంది.

ఇక్కడ మన సైన్సు విద్యార్థులకి ఒక శుభవార్త. మనం పరీక్షకోసం బట్టీపట్టే 8085, ఆ జెడ్-80, రెండూ ఇంటెల్ వారి 8080కి వారసులే. తాత పోలికలు ఇద్దరిలోనూ ఉన్నాయి. 8085లో సి3 అంటే ఎక్కడికో దూకమని ఆజ్ఞ, జెడ్-80లోనూ దూకమనే. 3ఇ అంటే ఇక్కడా అక్కడా అక్యుములేటరులో ఒక అంకె పెట్టమనే. పేర్లు వేరుగా రాస్తారు గాని అంకెలు అవే. రెండు అంకెల్ని కూడడం, ఒక వరసని చిన్నదాన్నించి పెద్దదానికి అమర్చడం - ఈ రెండు ప్రయోగాలూ రికార్డులో ఎక్కించి సంతకం పెట్టించుకుని మరిచిపోయే మనం, నిజానికి ప్రపంచమంతా ఆడిన ఆటల భాషలో సగం నేర్చేసుకున్నాం. ఆ మాట మాత్రం మనకెవరూ చెప్పలేదు.

ఎండలో ఆరబెట్టిన చిప్పులు

రెండో ఏడు దసరా సెలవులకి వెళ్ళినప్పుడు టీకొట్టు యజమానిని ఆ బోర్డు అడిగాను. "తీసుకుపో బాబూ, చోటు ఖాళీ అవుద్ది. బాగుపడితే మాత్రం నా పెట్టెలోనే పెట్టాల" అన్నాడు. బోర్డుని పాత దుప్పటిలో చుట్టుకుని కిరండోల్ బండిలో విశాఖ తెచ్చాను.

దాని మీద ఆరు ఈప్రోములు ఉన్నాయి. ఈప్రోము అంటే మనం రాసి, చెరిపి, మళ్ళీ రాసుకోగల మెమరీ చిప్పు. 1971లో ఇంటెల్ కంపెనీలో డోవ్ ఫ్రోమన్ అనే ఆయన కనిపెట్టాడు. దాని నెత్తిమీద చిన్న క్వార్ట్జు కిటికీ ఉంటుంది. ఆ కిటికీలోంచి అతినీలలోహిత కిరణాలు పడితే లోపల బంధించి ఉన్న ఎలక్ట్రాన్లు తప్పించుకుపోతాయి, రాత చెరిగిపోతుంది. అంచేతే కిటికీ మీద కాగితం అంటిస్తారు. ల్యాంపు కింద పెడితే పావుగంట ఇరవై నిమిషాల్లో చెరుగుతుంది. నేరుగా ఎండలో పెడితే వారం రోజులు పడుతుందని డేటా పుస్తకాలు చెబుతాయి. మా బోర్డు మీద ఒక చిప్పుకి కాగితం ఊడిపోయి ఉంది. పెట్టె వెనక తలుపు విరిగిపోయి ఉండేదని నాకు గుర్తే. వరండాలో పడమటి ఎండ పడేది. చదివి చూస్తే ఆ చిప్పు నిండా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. అంటే తెల్ల కాగితం. రోగం తెలిసింది! పెట్టెని ఎవరూ చెడగొట్టలేదు. సూర్యభగవానుడు ఆ ఆటలో ఒక అధ్యాయం చదివేసి చెరిపేశాడు.

ఆ ఆట ఎవరిదో, దాని అసలు చిప్పులు ఎక్కడ దొరుకుతాయో నాకు తెలియలేదు. అంచేత నా ఆట నేనే రాసుకుందామనుకున్నాను. బొమ్మల చిప్పుల్ని ముట్టుకోలేదు, ప్రోగ్రాము చిప్పుల్నే చెరిపాను. మా లెక్చరరు గారు ల్యాబులో మూలపడ్డ పాత ఈప్రోము ప్రోగ్రామరు బయటికి తీసి ఇచ్చారు. చెరిపే ల్యాంపు లేదు. చిప్పుల్ని పళ్ళెంలో పెట్టి హాస్టలు మేడమీద ఎండలో ఉంచాను. పక్క గదివాళ్ళు వచ్చి "ఏం బావా, వడియాలు పెట్టావా?" అని అడిగిపోయేవారు. మబ్బుల వల్ల తొమ్మిది రోజులు పట్టింది. విమానం బొమ్మని చిలక అనుకున్నాను. కింద తుపాకీ బొమ్మ ఉంటే దాన్ని వడిసెల తిప్పే కుర్రాడనుకున్నాను. ఆట పేరు "చోడిచేను కాపలా". చిన్నప్పుడు మంచె మీద కూర్చుని నేను చేసిన ఉద్యోగం అదే కదా!

ప్రోగ్రాము రాసి చిప్పు పెట్టి స్విచ్చి వేస్తే ఒక్క క్షణం చిలక కనిపించి మాయం. మళ్ళీ కనిపించి మళ్ళీ మాయం. మూడు వారాలు ఇదే తంతు. చివరికి లెక్చరరు గారే పట్టుకున్నారు. "ఏమయ్యా, కాపలా కుక్కకి మేత వేశావా?" అన్నారు. ఆట బోర్డుల్లో వాచ్‌డాగ్ అనే చిన్న సర్క్యూటు ఉంటుంది. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ దానికి క్షణక్షణం ఒక సంకేతం పంపుతూ ఉండాలి. సంకేతం ఆగితే యంత్రం ఎక్కడో చిక్కుకుందని భావించి అది బోర్డుని మొదటికి తెచ్చేస్తుంది. మనిషి పక్కన లేని చోట రాత్రింబవళ్ళు నడవాల్సిన యంత్రానికి అది అవసరం. ఒక్క ఆజ్ఞ చేర్చాను. చిలక నిలబడింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, ఆకలి కూడా వెయ్యలేదు. ఏ పాఠ్యపుస్తకం లోనూ నాకు రాని వాచ్‌డాగ్ ఇక జన్మలో మరిచిపోను.

నాకన్నా ముందు చేసినవారు

ఇది నేనేదో గొప్పగా చేశానని చెప్పుకోవడానికి కాదు. ఈ దారిలో పెద్దవాళ్ళు చాలామంది నడిచారు.

1980లో జపానులో నింటెండో అనే కంపెనీ "రాడార్ స్కోప్" అనే ఆట తయారుచేసి అమెరికాకి మూడువేల పెట్టెలు పంపింది. వెయ్యి అమ్ముడుపోయాయి. తక్కిన రెండువేలూ గోదాములో పడి ఉన్నాయి. కంపెనీకి ప్రాణం మీదికి వచ్చింది. వాటిని పగలగొట్టి పారెయ్యకుండా, అదే పెట్టెల్లో నడిచే కొత్త ఆట చెయ్యమని షిగెరు మియామోతో అనే కుర్రవాడికి అప్పగించారు. గున్‌పెయి యొకోయి అనే సీనియరు ఇంజనీరు వెనక ఉండి నడిపించాడు. 1981లో మార్పిడి సామగ్రి అమెరికా చేరింది. అక్కడి గోదాములో నలుగురైదుగురు కూర్చుని చేతులతో చిప్పులు మార్చి, పెట్టెల మీద కొత్త బొమ్మలు అంటించి బయటికి పంపారు. ఆ ఆట "డాంకీ కాంగ్". తరవాత కథ లోకానికి తెలిసిందే.

జపాను పేరు వచ్చింది గనక ఒక్క మాట. మా ఇంటి ముందు కొండకి అడ్డంగా పోయే కొత్తవలస - కిరండోల్ రైలుమార్గం 1960 దశకంలో వేసింది బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవు ద్వారా ఆ జపానుకి పంపడానికే. మా ఊరి మీదుగా రాయి దిగి వెళ్ళింది. తిరిగి పైకెక్కి వచ్చింది ఎవరో వాడి పారేసిన ఆటపెట్టె! ఇందులో ఎవరి తప్పూ వెతకడం లేదు. రాయిని బోర్డుగా మార్చే విద్య ఎక్కడుంటే లాభం అక్కడుంటుందని మాత్రం గుర్తుచేస్తున్నాను.

రెండో కథ విద్యార్థులది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటున్న డగ్ మెక్రే, కెవిన్ కరన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు హాస్టళ్ళలో ఆటపెట్టెలు పెట్టి నడిపేవారు. వాటిలో అటారీ వారి "మిసైల్ కమాండ్" కొంతకాలానికి పాతబడింది. డబ్బాలో బిళ్ళలు తగ్గాయి. కొత్త పెట్టె కొనే స్తోమతు లేదు. 1981లో ఆ బోర్డుకి తగిలించే చిన్న అదనపు బోర్డు ఒకటి చేసి, ఆటని కొత్తగా, కష్టంగా మార్చేశారు. అటారీ కోర్టుకెక్కింది. చివరికి రాజీ కుదిరింది. అసలు తయారీదారు అనుమతి లేకుండా ఇకముందు ఇలాంటివి అమ్మబోమని వీళ్ళు ఒప్పుకున్నారు; ఆ కంపెనీయే వీళ్ళకి పని ఇచ్చింది. అప్పటికే "పాక్-మాన్" మీద ఇంకో అదనపు బోర్డు సిద్ధంగా ఉంది. పాత బోర్డు మీది జెడ్-80ని పీకి, ఆ సాకెట్టులో కొత్త బోర్డు గుచ్చడమే. పాత చిప్పులు పాతచోటే ఉంటాయి. కావలసిన చోట మాత్రం కొత్త రాత అడ్డుపడి మాట్లాడుతుంది. ఈసారి ముందుగానే మిడ్వే కంపెనీని అడిగి, ఒప్పించి అమ్మారు. అదే 1982లో వచ్చిన "మిస్ పాక్-మాన్". లక్షకు పైగా పెట్టెలు అమ్ముడుపోయాయి. వాళ్ళు స్థాపించిన కంపెనీ పేరు జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్, పొడి అక్షరాల్లో జి.సి.సి. మా ఏజెన్సీ మిత్రులు కంగారుపడవద్దు, ఇది 1956లో మన గిరిజనుల కోసం పుట్టిన జి.సి.సి. కాదు!

తరవాత 1980 దశకం నడిమికి జపాను తయారీదార్లందరూ కలిసి జామా అనే ఒక పద్ధతికి వచ్చారు. బోర్డు అంచున 56 స్పర్శలు, ఏది దేనికో ముందే నిర్ణయం. పెట్టె ఏ కంపెనీదైనా బోర్డు పీకి ఇంకో బోర్డు గుచ్చుకోవచ్చు. నాలాంటివాడికి అది వరం. అసలు తీగల లెక్క దొరికితే సగం పని అయిపోయినట్టే.

తాళం, విత్తనం, చట్టం

ఇక్కడ పెద్దలు ఒక ప్రశ్న వేస్తారు. "ఇది దొంగతనం కాదుటయ్యా? ఎవరో కష్టపడి చేసిన ఆటని నువ్వు మార్చేస్తే?" న్యాయమైన ప్రశ్న. మరొకరి ఆటని నకలు తీసి అమ్ముకోవడం దొంగతనమే, సందేహం లేదు. "గెలాక్సియన్" ఆటని వేగంగా నడిపే బోర్డు చేసి అమ్మిన ఒక కంపెనీ అది తప్పేనని 1983లో అమెరికా కోర్టులో తీర్పు పొందింది. మన దేశంలో కూడా 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాముకి కాపీరైటు వచ్చింది. కాని అదే చట్టంలో 52వ సెక్షను, న్యాయంగా సంపాదించిన ప్రోగ్రాము ఎలా పనిచేస్తుందో పరిశీలించి తెలుసుకునే వీలు కూడా ఇచ్చింది. చూడ్డం, నేర్చుకోవడం, నా బోర్డు మీద నా ఆట రాసుకోవడం నేరం కాదు. ఆ గీత ఎక్కడుందో తెలుసుకోవడం కూడా చదువులో భాగమే.

మరి కంపెనీలు మాత్రం చట్టంతో ఊరుకున్నాయా? 1993లో కాప్‌కామ్ కంపెనీ తెచ్చిన ఒక బోర్డులో ప్రోగ్రాముని గుప్తభాషలో రాసి, దాన్ని విప్పే తాళంచెవిని ఒక చిన్న బ్యాటరీ మీద బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే తాళంచెవి మాయం. బోర్డులో ఒక్క చిప్పు చెడకుండానే బోర్డు చచ్చిపోతుంది. కొన్నవాడి సొత్తు కొన్నవాడి ఇంట్లోనే, గడువు తీరి చనిపోవడం! ఏళ్ళ తరబడి శ్రమించి ఔత్సాహికులు 2016లో దానికి విరుగుడు కనిపెట్టారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. పొయ్యి మీది అటకలో పొగ తగిలేలా చోడి కంకులూ సామ గింజలూ విత్తనానికి దాచేది. కొన్న సంకర విత్తనం సంచి మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు "దీని గింజ మళ్ళీ ఏడు పనికొస్తాదా?" అని అడిగింది. రాదంటే "అయితే మనం పంట కొన్నాం గాని విత్తనం కొనలేదన్నమాట" అంది. అక్షరం రాని మనిషి కాప్‌కామ్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఇంకో ఆక్షేపణ మిత్రులది. "ఈ ఆటలన్నీ ఫోనులో వస్తుండగా ఈ పాత బోర్డుల గొడవ దేనికి?" అంటారు. నిజమే. 1997లో మొదలైన మేమ్ అనే ప్రోగ్రాము వేలకొద్దీ పాత ఆటల్ని కంప్యూటరులో బతికించింది, చాలా మేలు చేసింది. కాని ఫోను నేర్పని విద్య ఈ బోర్డు నేర్పుతుంది. ఇక్కడ పదహారు అడ్రసు గీతలు, ఎనిమిది డేటా గీతలు కంటికి కనిపిస్తాయి. వేలు పెట్టి వెంట నడవవచ్చు. ఎక్కడ ఆగిందో మీటరుతో అడగవచ్చు. మొదటి ఏడాది ఎద్దుల్ని ట్రాక్టరుతో మచ్చిక చెయ్యం కదా! వాటి ముందు మనిషి నడవాలి.

మిరియాల బస్తా

మార్చిలో బోర్డుని తిరిగి అరకు తీసుకెళ్ళాను. దారిలో ఒక రాత్రి ఇంట్లో దింపి, పాత టీవీకి తగిలించి మా అయ్యకి చిలకల్ని చూపించాను. చాలాసేపు చూశాడు. "బాగుందిరా. గాని ఇదేటికి పనికొస్తాది?" అన్నాడు. వెటకారం కాదు. కాఫీ డబ్బు నాలుగేళ్ళుగా నా చదువుకి కడుతున్న మనిషి, తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు సంత. మిరియాల బస్తా ఊళ్ళో పిండిమర కాటా మీద 41 కిలోలు తూగింది. సంతలో వ్యాపారి ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 38 కిలోల 500 గ్రాములు చూపించింది. మా అయ్య మాట్లాడబోతే "మిషను అబద్ధం ఆడదు బాబూ" అన్నాడు వ్యాపారి. మా తాత రోజుల్లో కుంచం అడుగు లోపలికి నొక్కి మోసం చేసేవారట. తరవాత తరాజు వచ్చింది. బొటనవేలు ఎక్కడుందో చూసుకునేవారు. ఇప్పుడు ఎర్ర అంకెలు. చూసుకోవడానికి ఏమీ లేదు.

నాకు ఒక్కసారిగా తట్టింది. ఆ కాటాలో ఉన్నది కూడా ఒక బోర్డే. బరువు పడితే లోడ్‌సెల్ కాస్త వంగి కొన్ని మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని అంకెగా మార్చి, మెమరీలో దాచిన ఒక గుణకంతో హెచ్చవేసి తెరమీద చూపిస్తారు. ఆ గుణకం కొద్దిగా తగ్గితే 41 కాస్తా 38న్నర అవుతుంది. అదే బోర్డు, వేరే ఆట! పక్క కొట్టులో ఖాళీ డబ్బా అడిగి ముందు దాన్ని తూచాను. తరవాత లీటరు సీసాతో కొలిచి ఇరవై లీటర్ల నీళ్ళు పోసి మళ్ళీ తూచాను. లీటరు నీరు కిలో అని ఏడో తరగతి పిల్లవాడికీ తెలుసు. డబ్బా బరువు పోను ఇరవై రావాలి. 18 కిలోల 800 వచ్చింది. చుట్టూ జనం మూగారు. వ్యాపారి మొహం చూస్తే అతనికీ తెలియదేమో అనిపించింది. అలా అమర్చినదాన్నే కొన్నాడో, వాడుకలో దారి తప్పిందో నేను చెప్పలేను. మా బస్తాకి మాత్రం 41 కిలోల లెక్కే కట్టించుకున్నాం. మాకన్నా ముందు ఆ పొద్దు తూచుకుని వెళ్ళినవాళ్ళకి ఎవరూ కట్టలేదు.

2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం ప్రతి కాటాకీ తనిఖీ, ముద్ర ఉండాలి. చట్టం మంచిదే. కాని కొండమీది సంతకి తనిఖీ వచ్చే రోజు ఒకటి, పంట వచ్చే రోజులు అనేకం. ఆ మధ్యలో మనిషికి రక్షణ ఏమిటి? యంత్రం ఎక్కడ నిజం దాచుకుంటుందో, ఎక్కడ అబద్ధం ఆడగలదో తెలిసిన నలుగురు మనుషులు ఊళ్ళో ఉండడం. యంత్రాన్ని మార్చగలిగినవాడు దాన్ని గుడ్డిగా నమ్మడు, ఊరికే భయపడడు. వీడియోగేమ్ బోర్డు నాకు నేర్పింది ఆట కాదు, ఈ తెలివి. నా ఉద్దేశంలో సైన్సు డిగ్రీ ఇవ్వాల్సింది కూడా ఇదే.

తాళం వేసిన గది

ఇప్పుడు మన కళాశాల సంగతి. ల్యాబు వెనక తాళం వేసిన గది ఒకటి ఉందని అందరికీ తెలుసు. అందులో పనికిరావని రాసిపడేసిన 8085 కిట్లు, ఆసిలోస్కోపులు, పవర్ సప్లయిలు, బోర్డులు. కిరుటేడు అందులో సగం వేలంలో కిలో లెక్కన పోయాయి. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. బండిలోకి విసిరిన కిట్ల మీద ఈప్రోము కిటికీలు ఎండకి మెరుస్తున్నాయి. చోడి విత్తనాన్ని పిండికి అమ్మినట్టనిపించింది. తక్కిన సగం ఈ ఏడు వెళ్తుందంటున్నారు.

ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. స్టాకు రిజిస్టరుకి దాని ధర్మం దానికుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద ప్రభుత్వం నియమాలు చేసింది, వాటినీ పాటించాల్సిందే. నేను కోరేది మూడు ముక్కలు.

ఒకటి: వేలానికి ముందు ఆ గది వారం రోజులు విద్యార్థులకి తెరవాలి. లెక్చరరు సమక్షంలో, రిజిస్టరులో సంతకం పెట్టి, బాగుచేయగలమన్నవి తీసుకుంటాం. చేతకానివి తిరిగి అప్పగిస్తాం.

రెండు: వారానికి ఒక మధ్యాహ్నం, మార్కులు లేని ల్యాబు కావాలి. అక్కడ రికార్డు రాయనక్కరలేదు. కిట్టులో ఉన్న మానిటర్ చిప్పుని తీసి మన ప్రోగ్రాము పెట్టి, అది ఎందుకు నడవలేదో తెలుసుకోవాలి. ఎవరి ఆటనీ నకలు కొట్టి అమ్మరాదన్నది అక్కడ మొదటి నియమం కావాలి.

మూడు: మన జాతీయ సేవా పథకం మిత్రులు ఏటా ఏజెన్సీలో క్యాంపు పెడతారు. రోడ్డు ఊడవడం మంచిదే. ఈసారి ఒక సంతరోజు ముద్ర వేసిన తూకపురాళ్ళు పట్టుకుని వెళ్దాం. కాటా విప్పే హక్కు మనకి లేదు, విప్పం. తూచి చూపిస్తాం, తేడా ఉంటే శాఖవారికి రాసి పంపుతాం. రైతులకి ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా ఉపాయం నేర్పుతాం.

దీనికి లక్షలు అక్కరలేదు. తాళంచెవి ఒక్కటి చాలు.

టీకొట్టు వరండాలో ఆ పెట్టె ఇప్పుడు మళ్ళీ వెలుగుతోంది. వెనక తలుపుకి కొత్త చెక్క కొట్టించాను, చిప్పుల కిటికీలకి నల్ల టేపు వేశాను. సంతరోజు మా అయ్య కూడా ఒక బిళ్ళ వేసి ఆడాడు. వడిసెల తిప్పడంలో ఊళ్ళో పేరున్న మనిషి. మూడు నిమిషాల్లో చేను మొత్తం చిలకలు తినేశాయి. నవ్వుకుంటూ మీట వదిలేసి, "చిలకలే గెలిచాయిరా" అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, "మరి ఆ కాటాల సంగతి ఏటి చేస్తావు?" అని అడిగాడు.

మిత్రులారా! ఆ ప్రశ్న నా ఒక్కడికి వేసింది కాదు. జవాబులో కొంత ఆ తాళం వేసిన గదిలో ఉంది. వేలం బండి మళ్ళీ రాకముందే తలుపు తీద్దాం.